మూడో కథకి నేను చెప్పిన కారణం

పోయిన నెలలో తుపాను హెచ్చరిక వచ్చి నాలుగు రోజులు మా దీవులకి వచ్చేపోయే ఓడలన్నీ ఆపేశారు. ఓడ టికెట్ల కౌంటర్లో పనిచేసే మా బావగారి కూతురికి అందువల్ల నాలుగు రోజులూ తీరికే. బావగారంటే మా ఆయనకి అన్నగారు. అమ్మాయి నన్ను పిన్నీ అంటుంది. అమ్మాయని నేనంటున్నాను గానీ దానికి ముప్పై ఏడు నిండాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీ ముందు చేరి, "పిన్నీ, ఆజ్ నెట్ మస్త్ చల్ రహా. ఏదో పాత అంగ్రేజీ భూత్ పిక్చర్ ఉంది, లగావూఁ క్యా?" అంది. డెలానీపూర్లో మా ఇంటి రేకుల మీద వాన దబదబా కొడుతోంది. ఆ మోతలో ఎలాగూ కునుకు పట్టదు కదా అని, సరే పెట్టవే అన్నాను.

తెర మీద పొగమంచు. రేవు పక్కన ఒక వెయిటింగ్ హాలు, అందులో ఒకళ్ళనొకళ్ళు ఎరగని అయిదుగురు ప్రయాణికులు. రావాల్సిన స్టీమరు రాదు. హాలు చూసుకునే ముసలాయన తెల్లటి చేతితొడుగులు వేసుకుని, అందరికీ టీ ఇచ్చి, మీలో ఒక్కొక్కరి కథా నాకు తెలుసు, చెప్పమంటారా అని మర్యాదగా అడుగుతాడు. ఆయన కప్పుని సాసర్లో పెట్టిన చప్పుడు వినగానే నేను ముందుకి జరిగి కూర్చున్నాను. ఈ సినిమా నాకు తెలుసు. ముప్పై అయిదేళ్ళ కిందట మిన్నీ బేలో దీన్ని పదిసార్లన్నా చూశాను. చూడటమే కాదు, మా వీధి మొత్తానికీ తెలుగులో చెప్పాను. పేరు మాత్రం ఇప్పుడే తెలిసింది. అప్పుడు క్యాసెట్టు మీద కాగితం చిరిగిపోయి ఉండేది, మేం దాన్ని అయిదు చావుల క్యాసెట్టు అనేవాళ్ళం.

అందులో మూడో కథ నేనెప్పుడూ పూర్తిగా చూడలేదు. ఈసారి చూశాను. కొండ అంచున ఒక ఇల్లు, దాని ముందు సముద్రంలోకి దిగే రాతిమెట్లు, కోటు తొడుక్కుని సంచీ పట్టుకుని బయల్దేరిన ఒక పెద్దమనిషి. తలుపు తీశాడు, మెట్ల దాకా నడిచాడు, తడి నాచు మీద కాలేశాడు, జారిపడి పోయాడు. అంతే. మిగిలిన నలుగురికీ చావడానికి తలా ఒక పాపం ఉంది, వీడికి మాత్రం ఏమీ లేదు. తీసినవాళ్ళకి కారణం రాసే ఓపిక లేకపోయిందో, ఉన్న రీలు అయిపోయిందో తెలియదు. "బస్? ఇత్‌నా హీ?" అని అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. లేచి మంచినీళ్ళకి వెళ్ళాను.

ఆ రోజుల్లో మా కాపురం మిన్నీ బేలో, అత్తగారింట్లో. వాళ్ళది శ్రీకాకుళం తీరం నుంచి వలలతో సహా ఓడెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. బావగారు డింగీ పడవ వేసుకుని గాలాల వేటకి వెళ్ళేవారు. మా ఆయన రేవులో ఒక వర్క్‌షాపులో ఫిట్టరు. నేను ఇక్కడి ఆస్టినాబాద్ పిల్లని, పన్నెండు దాకా చదివి టైపు నేర్చుకున్నదాన్ని, కాబట్టి ఆ ఇంట్లోనే కాదు ఆ వీధిలో కూడా ఇంగ్లీషు వచ్చినది నేనొక్కదాన్నే. ఎంత వచ్చంటే, దరఖాస్తు రాయగలను, మందుసీసా మీద చీటీ చదవగలను. దొరలు పైపు పళ్ళ మధ్య పెట్టుకుని గొణిగితే అందులో సగం నాకు అర్థమయ్యేది కాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కొత్తకోడలికి ఉన్న ఒక్క గొప్పా అదే, దాన్ని ఎవరు వదులుకుంటారు?

సరుకుల ఓడలో పనిచేసే ఒకాయన బావగారికి స్నేహితుడు. ఎక్కడ సంపాదించాడో, ఒక వీసీఆరూ ఆరు ఇంగ్లీషు క్యాసెట్లూ మా ఇంట్లో దాచమని ఇచ్చి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఆరింట్లో నాలుగు ఒకటే బాపతు. ఒక గది, అందులో కొందరు మనుషులు, ఒక్కొక్కరికీ ఒక్కో కథ, ఆఖరున వాళ్ళంతా ఎప్పుడో చచ్చిపోయారని తేలడం. వానాకాలం డింగీలు ఒడ్డుకెక్కాక మగవాళ్ళకి పనుండేది కాదు. మధ్యాహ్నం రెండింటికి కిటికీలకి టార్పాలిన్లు కట్టి సినిమా వేసేవాళ్ళం. మా దీవుల్లో అయిదింటికే పొద్దుగూకుతుంది. అన్ని కథలూ అయి తలుపు తీసేసరికి బయట కూడా లోపలున్నట్టే ఉండేది, ఇంటికి వెళ్ళడానికి ఎవరూ ముందు లేచేవారు కాదు.

అందులో అంత ఏముంది పిన్నీ, అని మొన్న అమ్మాయి అడిగింది. నిజమే, ఇప్పుడు చూస్తే నెత్తురు కుంకుమ కలిపిన నీళ్ళలా ఉంది, తెగిన చెయ్యి రబ్బరు చెయ్యని చంటిపిల్లకి కూడా తెలుస్తుంది. కానీ ఆ మనుషుల మర్యాద చూడాలి. ఒకడు రెండోవాడికి విషం పెడుతూ కూడా చక్కెర ఎన్ని చెంచాలు వెయ్యమంటారని అడుగుతాడు. అరుపుల్లేవు, పాటల్లేవు. కిటికీ తెర కొంచెం కదులుతుంది, గడియారం ఆగుతుంది, అంతే, వీధి వీధంతా ఊపిరి బిగబట్టేది. పైగా ఆ ఇళ్ళు మాకు కొత్తవి కావు. రాస్ దీవి మీద దొరలు వదిలేసిపోయిన బంగళాలు మేం చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. గోడల్ని మర్రివేళ్ళు పట్టేసి, కిటికీల్లోంచి కొమ్మలు బయటికొచ్చి ఉంటాయి. ఈ సినిమాల్లో అవే మెట్లు, అవే పొయ్యిగూళ్ళు, కాకపోతే లోపల దీపాలు వెలుగుతుంటాయి, మనుషులు టీ తాగుతుంటారు. వేళ్ళు రాకముందు ఆ గదుల్లో ఏం జరిగిందో ఎవరో దొంగతనంగా చూపిస్తున్నట్టు ఉండేది. ఇంకో సుఖం కూడా ఉంది. కథలు చిన్నవి, కరెంటు పోతే ఒక్క కథే పోతుంది.

అసలు కారణం వేరు, అది మా అత్తగారిని చూసి తెలుసుకున్నాను. ప్రతి కథ చివరా ఆవిడ నా మోకాలి మీద తట్టి ఒకటే అడిగేది. "ఓలమ్మీ, ఈ దొర ఏటి సేసినాడు? ఎందుకు సచ్చిపోనాడు?" కట్టుకున్నదాన్ని గదిలో పెట్టి తాళం వేశాడత్తా అని చెప్పేదాన్ని. "అలగైతే సావాల్సిందే" అని తృప్తిగా తల ఊపి, "మరి తరవాతోడు?" అనేది. నవ్వుకునేవాళ్ళం. కానీ మా మావగారు నేను ఆ ఇంటికి రాకముందే సముద్రంలో పోయారు. గాలి లేదు, వాన లేదు, నీళ్ళు అద్దంలా ఉన్న రోజు. ఆయన ఎందుకు పోయారో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ అలాంటి మనిషి ఒకరున్నారు. సముద్రం ఎవరికీ సంజాయిషీ ఇవ్వదు. ఆ సినిమాలు ఇచ్చేవి. అందుకే వాళ్ళు భయపడటానికి కాదు, ఆ జవాబు వినడానికి వచ్చేవాళ్ళని నా నమ్మకం.

అయిదు చావుల క్యాసెట్టు మొదటిసారి వేసిన రోజున మూడో కథ దగ్గర మిషను టేపుని మింగేసింది. బావగారు మూత తీసి, చేప పేగులు లాగినట్టు మూరెడు టేపు బయటికి లాగి, బొటనవేలితో సాపు చేసి, పెన్సిలుతో తిప్పి మళ్ళీ పెట్టారు. తెరంతా గీతలు, గరగర. పెద్దమనిషి తలుపు మీద చెయ్యి వేసేదాకా కనిపించింది, తరవాత నిమిషంపాటు ఏమీ లేదు, గీతలు పోయేసరికి అతను మెట్ల కింద నీళ్ళలో బోర్లా పడి ఉన్నాడు. మా తోటికోడలు, అంటే బావగారి భార్య, నా పక్కనే పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. అత్తగారి చెయ్యి నా మోకాలి మీద పడింది. గదినిండా మొహాలు నావైపు తిరిగాయి. నాకు తెలియదు అంటే సరిపోయేది. ఆ మాట నోటికి రాలేదు. "గుమ్మం దాటుతుంటే పెళ్ళాం వెనకనుంచి పిలిచిందత్తా. వెనక్కొచ్చి కూచోకుండా, నీళ్ళు తాక్కుండా అలాగే వెళ్ళిపోయాడు" అన్నాను. మావాళ్ళలో వేటకి బయల్దేరిన మగవాణ్ణి వెనకనుంచి పిలవరు. పిలిస్తే తిరిగొచ్చి కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి, మళ్ళీ కొత్తగా బయల్దేరాలి. దొరలకి కూడా ఈ పట్టింపు ఉందా అని అత్తగారు ముక్కున వేలేసుకుంది. ఆ తరవాత ఆ క్యాసెట్టు వేసినప్పుడల్లా గీతలు రాగానే పిల్లలే ముందు అరిచేవారు, "పిలిసేసినాది, పిలిసేసినాది!" అని.

వానలు తెరిపిచ్చిన ఒక ఉదయం బావగారు డింగీ దించారు. ఒక్క పూట వేట, దగ్గరలోనే, తోడు కూడా అక్కర్లేదన్నారు. ఆయన వీధి మలుపు దాకా వెళ్ళాక మా అక్క, తోటికోడల్ని నేను అలాగే పిలుస్తాను, ఎర కోసే కత్తి గూట్లో ఉండిపోవడం చూసింది. కత్తి లేకుండా గాలాల వేటేమిటి? అది చేతికి తీసుకుని గుమ్మంలోంచి, "ఇదిగో, కత్తి మర్సిపోనావు!" అని కేకేసింది. అన్నాక నాలిక కరుచుకుంది. బావగారు పకపకా నవ్వుతూ తిరిగొచ్చారు. "అరెరే, మూడో కథైపోనాదే! సూడండి, దొరగోరు ఎల్తన్నారు" అని లేని టోపీ ఎత్తి మాకు దణ్ణం పెట్టారు. అత్తగారు లోటాతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తింది. "కూకోరా, గుక్కెడు తాగి ఎల్లు" అంది. "టైమ్ నై హై అమ్మా, పోటు తగ్గి నీరు తీసేస్తాది" అని కత్తి మొలలో దోపుకుని వెళ్ళిపోయారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తు.

మూడో రోజున డింగీ దీవి చివర చిడియాటాపు అవతల దొరికింది. ఇంజను ఉంది, గాలాలు ఉన్నాయి, కత్తి కూడా ఉంది. మనిషి లేడు, ఎప్పటికీ దొరకలేదు. ఏడుపులు ఒక రోజు వీధంతా వినిపించాయి, ఆ తరవాత వచ్చిన నిశ్శబ్దమే నన్ను భయపెట్టింది. అక్కని ఎవరూ ఒక్క మాట అనలేదు. అత్తగారు ఆవిడ చేతి మంచినీళ్ళు తాగడం మానేసింది, అంతే. పొద్దున్న మగవాళ్ళు రేవుకి నడిచే వేళకి పక్కింటావిడ వచ్చి, అక్క పిలుపు వాళ్ళ వెనక పడకుండా, మా తలుపు బయటనుంచి దగ్గరికి లాగి వెళ్ళేది. లోపల అక్క పిల్లకి పాలు పడుతూ ఆ తలుపు మూసుకోవడం చూసేది. ఇరవై ఆరేళ్ళ మనిషి. ఒకరోజు అత్తగారు తనలో తాను అంటున్నట్టు, "సినిమాలో దొరకీ అదే అయినాది" అంది. అప్పుడు నాకు సంగతి అర్థమైంది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నేను సరదాకి అన్న మాట ఏకు మేకై అక్క గుండెల్లో దిగబడింది, దాన్ని చూస్తూ కూడా రోజుకొకసారి, రేపు చెబుదాంలే అనుకున్నాను. సిగ్గుపడి చెబుతున్నాను, పదిహేను రోజులు అలాగే అనుకున్నాను.

ఒడ్డున కర్మలన్నీ అయ్యాక అత్తగారూ, వీధిలో పెద్దవాళ్ళు ముగ్గురూ కూర్చుని తేల్చేశారు. వచ్చే వారం వైజాగ్ ఓడ ఉంది, దానిమీద అక్కని పుట్టింటికి పంపెయ్యాలి. "పిల్ల నా కొడుకు రగతం, అది ఉండాల. ఆ మనిసి వొద్దు నా గుమ్మంలోన" అంది అత్తగారు. రెండేళ్ళ పిల్ల ఇక్కడ, తల్లి సముద్రానికి ఆవల. అక్క గోడకి ఆనుకుని పిల్ల జుట్టు దువ్వుతూ అంతా వింది. దువ్విన తలనే మళ్ళీ దువ్వడం మొదలుపెట్టింది. మా ఆయన నోరు విప్పబోతే పెద్దవాళ్ళు కసిరారు.

మర్నాడు మధ్యాహ్నం ఆ నలుగుర్నీ బతిమాలి టీవీ ముందు కూర్చోబెట్టాను. చావింట్లో సినిమా ఏమిటని అత్తగారు గింజుకుంది. ఒక్కటి చూపించాలత్తా, చూశాక మీ ఇష్టం అన్నాను. మూడో కథ పెట్టాను. గీతలు వచ్చాయి. వాటి మీద వేలు పెట్టి చూపిస్తూ, "ఇక్కడ ఏముందో నేను చూడలేదు. ఎవరం చూడలేదు. పెళ్ళాం పిలిచిందన్నది నేను కల్పించి చెప్పాను. నాకు ఇంగ్లీషు కూడా అంతగా రాదు. సచ్ బోల్ రహీ హూఁ, అక్క తప్పేం లేదు" అన్నాను. ఏడ్చేశాను కూడా. ఇంత చెప్పాక తిడతారు, చెయ్యి చేసుకుంటారేమో, చేసుకోనీ, దాంతో అక్క బయటపడుతుంది కదా అనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. వలలు బాగుచేసే పెద్దాయన నావైపు తిరిగి, "నువ్వు సూడనేదు, విననేదు. మరి అలగే జరుగుతాదని నీ నోట్లోకి ముందుగాల ఎలగొచ్చినాది?" అన్నాడు. టార్పాలిన్ గాలికి ఒకసారి ఉబ్బి మళ్ళీ గోడకి అంటుకుంది. అత్తగారు నా పక్కనుంచి కొద్దిగా దూరం జరిగింది. నా నిజం ఆ గదిలో నా అబద్ధం కంటే భయంకరంగా తయారైందని అప్పుడు తెలిసింది.

ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన మంచిదని ఇప్పటికీ అనలేను. తెర మీద కథ నడుస్తూనే ఉంది, నా ఏడుపులో నాలుగోది అయిపోయి అయిదోది మొదలైంది. అది గడియారాలు బాగుచేసే ఒక లోభి కథ. నేను కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించి, "అయితే ఇది కూడా వినండి. ఇది మీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. తల్లిని ఓడెక్కించి బిడ్డని అట్టిపెట్టుకున్న ఇల్లిది. ఆ ఇంట్లో మిగిలిన మగాడు కూడా నీళ్ళలోకి పోయాడు" అన్నాను. మా ఇంట్లో మిగిలిన మగాడు మా ఆయన ఒక్కడే. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెర మీద లోభి గడియారంలోకి తొంగిచూస్తున్నాడు, అందరూ వాడి మొహంలో నా మొగుణ్ణి చూస్తున్నారు. సినిమా చివర్న తెర మీద తలుపు మూసుకున్నాక పెద్దాయన లేచి, తువ్వాలు దులిపి, "బిడ్డ తల్లి కాడే ఉండాల" అని వెళ్ళిపోయాడు. ఓడ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అక్క మాతోనే ఉంది. ఊరికే ఉండలేదు, చేపలు ఎండబెట్టి అమ్మింది, పిల్లని చదివించింది, అత్తగారికి ఆఖరి రోజుల్లో గంజి పోసింది. ఆ చేతి గంజే అత్తగారు తాగింది. నా సంగతే వేరుగా అయింది. వీధిలో నేను ఎదురైతే మాట్లాడుకుంటున్నవాళ్ళు ఆపేసేవారు. పిల్లల భవిష్యత్తు అడగడానికి ఒకరిద్దరు కొబ్బరికాయ పట్టుకుని కూడా వచ్చారు, తలుపేసుకున్నాను. అంతకంటే ఎక్కువగా నన్ను పట్టుకున్నది ఇంకొకటి. మా ఆయన వర్క్‌షాపు నుంచి అరగంట ఆలస్యమైతే చాలు, వీధి మలుపు దాకా వెళ్ళి నిలబడేదాన్ని. కల్పించింది నేనే, అబద్ధమని తెలిసినది నేనొక్కదాన్నే, అయినా రిటైరయ్యే రోజు దాకా ఆయన బయల్దేరేటప్పుడు నీళ్ళవైపు చూసేదాన్ని. ఇంగ్లీషు సినిమాలు మానేశాను. ఆ వీసీఆర్ తుప్పు పట్టి పోయింది. డెలానీపూర్‌కి మారేటప్పుడు క్యాసెట్లు ఎవరు పారేశారో కూడా గుర్తులేదు.

మొన్న సినిమా అయిపోయాక వెనక వరండాలోకి వెళ్ళాను. వాన చినుకుల్లోకి దిగింది. అక్క పీట మీద కూర్చుని చేప శుభ్రం చేస్తోంది. అరవై దాటినా ఆ చేతివేగం తగ్గలేదు. పక్కన చతికిలబడి, "అక్కా, ఆ క్యాసెట్టు సినిమా మొత్తం దొరికింది. మూడో కథలో ఆవిడ పిలవనేలేదు. మెట్ల మీద కాలు జారి పోయాడు" అన్నాను. ఇన్నేళ్ళూ ఆ మాట మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. ఆవిడ కత్తి కింద పెట్టింది.

"ఊరికేనా?" అంది.

"ఊరికే."

"అలగైతే నువ్వు సెప్పినదే బాగున్నాది సెల్లీ" అంది. లోపల అమ్మాయి ఉన్న గదివైపు గడ్డం చూపించింది. "ఈ ముప్పై అయిదేళ్ళలోన దాన్ని ఎనకనించి ఒక్కపాలి పిలవనేదు నాను. గొడుగు మర్సిపోనా, టిపినీ మర్సిపోనా పిలవనేదు. అది బాగున్నాది. ఇప్పుడు ఊరికే పోతారంటావేటి? అలగైతే రేపు అది డూటీకెల్తే నానింట్లో ఎలగ కూకోను?" అని మళ్ళీ కత్తి అందుకుంది. నేను పొలుసులు ఊడ్చి నీళ్ళు పోశాను. కాలం నిజాన్ని ఎప్పటికైనా బయటపెడుతుందంటారు. పెట్టింది కూడా, కాకపోతే ఆ నిజంతో ఎవరికీ పనిలేకుండా పోయాక పెట్టింది.